కొండ మీద పడుకున్నవాళ్ల కలే లెక్క

మోకాళ్ల గురించి ముందుగా

హెరిటేజ్ ప్లానింగ్ చదువుకుని కొత్తగా ఉద్యోగంలో చేరే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. "మేడమ్, ఈ పనికి అన్నిటికన్నా ముఖ్యమైనది ఏమిటి?" అని అడుగుతారు. మంచి మోకాళ్లు అంటాను. జోక్ అనుకుని రాసుకోరు. కొన్నేళ్లకు కుంటుకుంటూ వచ్చి, మీరు చెప్పింది నిజమే అంటారు.

రిటైరైనవాళ్లు రాసుకునే అనుభవాల్లో ప్రమోషన్లు ఎక్కువగా ఉంటాయి. నా ప్రమోషన్ల గురించి చెప్పడానికి ఒక వాక్యం చాలు. అది ఇదే.

నేను చేసింది సహ్యాద్రి కొండల్లో పాత ఘాట్ దారులను కాపాడే పని. సముద్రం పక్క ఊళ్ల నుంచి ఉప్పు మోసుకుని ఎద్దులు ఈ దారుల్లోనే పైకి ఎక్కేవి, ధాన్యం మోసుకుని దిగేవి. దారి పొడవునా రాతిలో తొలిచిన నీటి తొట్లు, మలిచిన మెట్లు, మజిలీలు, చిన్న చిన్న అమ్మవార్లు, ఊళ్లు. వీటన్నిటినీ విడివిడిగా కాకుండా ఒకే దండగా చూసి, ఏది ఎలా ఉండాలో, పక్కన ఏం కట్టొచ్చో, ఏం కట్టకూడదో నిర్ణయించడాన్ని హెరిటేజ్ కారిడార్ ప్లానింగ్ అంటారు. కారిడార్ అనగానే చల్లటి ఏసీ, నున్నటి గచ్చు గుర్తొస్తాయి. అక్కడ ఉండేవి పొగమంచు, పీతలు.

నేను పుట్టి పెరిగింది ముంబై కామాఠీపురాలో, ఒక తెలుగు చాల్‌లో, అంటే వరసగా ఒంటి గదులుండే పాత మేడలో. ఆ పేరు వింటే జనానికి గుర్తొచ్చేది వేశ్యావాటికే. ఇంటర్వ్యూలో నా అడ్రస్ చూసి ఒక పెద్దమనిషి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కామాఠీపురా అంటే... అక్కడేనా?" అన్నాడు. "అక్కడే సార్. గ్రాంట్ రోడ్‌లో దిగి నడవొచ్చు, మీకు దారి తెలిసే ఉంటుంది" అన్నాను. ఉద్యోగం ఇచ్చారు. ఎందుకిచ్చారో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ పేట పేరులోని కామాఠీలు మావాళ్లే. పాలమూరు నుంచి వచ్చి ఈ ఊళ్లో ఇళ్లూ రోడ్లూ కట్టి, కట్టినవాటిలో ఉండే స్తోమత లేక పక్క గల్లీలో ఉండిపోయిన కూలివాళ్లు.

ఇప్పుడు ఇదంతా రాయడానికి ఒక కారణం ఉంది. మా చాల్‌ను పడగొట్టి కొత్త బిల్డింగు కడతారట. ఆర్కిటెక్చర్ చదివే పిల్లలు కొందరు వచ్చి, దాన్ని హెరిటేజ్‌గా ప్రకటించి ఆపాలని అర్జీ రాశారు. మొదటి సంతకం నాదైతే అర్జీకి బరువొస్తుందని వాళ్ల ఆశ. వాళ్ల నాయకురాలు రుతుజ అనే అమ్మాయి, మెడలో కొలత టేపు హారంలా వేసుకుని తిరుగుతుంది. "మీరు కొండనే ఆపారు కదా మేడమ్!" అంది. కొండను ఎవరూ ఆపలేరు, అదే ఆగి ఉంటుంది అన్నాను. అయినా ఆ అమ్మాయి ఏ కథ విని వచ్చిందో నాకు తెలుసు. చాల్‌లో ఒక్క రాత్రి పడుకుని, లేచాక జవాబు చెబుతానన్నాను. ఎందుకలా అన్నానో తెలియాలంటే మా అవ్వతో మొదలుపెట్టాలి.

అవ్వ అడిగే ప్రశ్న

మా నాన్నను కన్న అవ్వ పేరు బాలమ్మ. చాల్‌లో చెక్క మెట్లు ఉండేవి. నడిమి మెట్టు దగ్గర గోడకు చిన్న కిటికీ, అక్కడొక్కచోటే మంచి వెలుతురు. అవ్వ ఆ మెట్టు మీద కూర్చుని బియ్యం చెరిగేది. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ, "జరుగవ్వా, నీళ్ల బకెట్ ఉన్నది" అని బతిమాలేవాళ్లు. అవ్వ జరిగేది కాదు. "నేను గూసున్నది కనబడ్తలేదా? పక్క సందుల కెళ్లి పో" అనేది. అందరూ గోడను రాసుకుంటూ పోయేవాళ్లు. మా చాల్ పిల్లలందరి చొక్కాలకూ కుడి భుజం మీద సున్నం ఉండేది.

పొద్దున్నే నల్లా దగ్గర అవ్వ అందరినీ ఒకే ప్రశ్న అడిగేది: "కల పడ్డదా?" మిగతా ఊళ్లో టీ తాగారా అని అడిగినట్టు. నాకు పరీక్షలున్నా అదే ప్రశ్న. మా చిన్నాన్న టాక్సీ కొన్నప్పుడూ అదే ప్రశ్న. పడలేదంటే, "రేపు నడుపు" అనేది. చిన్నాన్న నాగ్‌పాడా సిగ్నల్ దాకా పోయి, భయపడి వెనక్కి వచ్చి, మర్నాడు కల చెప్పాకే బండి తీశాడు.

ఆ అలవాటు ఎక్కడిదో తర్వాత తెలిసింది. మా తాత కూలీల ముఠాకు మేస్త్రి. అవ్వ కొత్త కోడలిగా అదే ముఠాతో కొండల్లో రోడ్ల పనికి వెళ్లింది. వాళ్లకొక కట్టుబాటు ఉండేదట. కొత్త కొండ దగ్గర దిగాక వెంటనే గడ్డపార ముట్టుకోరు. అక్కడే పడుకుంటారు. పొద్దున లేచాక ముఠాలో ఎవరికి ఏ కల పడిందో అందరి ముందూ చెప్పాలి. కొండ ఒప్పుకుందని అందులో తేలితేనే పని మొదలు. పడకపోతే మళ్లీ పడుకోవాలి. అబద్ధపు కల మాత్రం చెప్పకూడదు. చెబితే రాయి జారుతుంది, అది చెప్పినవాడి మీదే పడుతుందన్న హామీ కూడా లేదు.

చిన్నప్పుడు దీన్ని వింటూ నిద్రపోయేదాన్ని. ప్లానింగ్ కోర్సులో ప్రజాభిప్రాయ సేకరణ అనే పాఠం చెప్పిన రోజు మాత్రం నాకు మా తాత ముఠా గుర్తొచ్చింది. మావాళ్ల పద్ధతిలో కొండను కూడా పిలిచేవాళ్లు.

పెన్సిల్ సాహెబ్, ఒక బోర్డు

నాకు చాలామంది బాస్‌లు ఉండేవాళ్లు. గుర్తున్నది ఒక్కడే. చెవి మీద ఎప్పుడూ ఎర్ర పెన్సిల్ ఉండేది కనుక పెన్సిల్ సాహెబ్ అనేవాళ్లం. పుణే వైపు మనిషి, సన్నగా, ఎప్పుడూ ఏదో రైలు అందుకోవాల్సినవాడిలా ఉండేవాడు. మ్యాప్ మీద గీత గీసే ముందు ఆ దారిని స్వయంగా నడిచేవాడు. దీన్ని మా శాఖలో చాలామంది జబ్బుగా భావించేవారు.

నేను చేరిన కొత్తలో ఒక ఘాట్ మీద మా శాఖ చేసిన పని చెబుతాను. దారి మలుపులో రాళ్ల కుప్ప ఒకటుంది. వచ్చేపోయేవాళ్లు దాని మీద ఒక ఆకు పెట్టి వెళ్తారు. ఎందుకంటే ఎవరికీ తెలియదు, పెట్టకపోతే ఏమవుతుందో చూద్దామనే ధైర్యమూ ఎవరికీ లేదు. ఆకులు కుళ్లి రాయి పాడవుతోందని మావాళ్లు చుట్టూ కంచె వేసి, "ముట్టుకోరాదు" అని ఇనుప బోర్డు పాతారు. మరుసటి ఏడు వెళ్లి చూస్తే కుప్ప శుభ్రంగా ఉంది. బోర్డు నిండా కుంకుమ. కింద ఆకులు, ఒక కొబ్బరి చిప్ప. మా శాఖకు దక్కిన ఏకైక పూజ అది.

పెన్సిల్ సాహెబ్ బోర్డుకు నమస్కారం పెట్టి, "కంచె తీసేయండి. బోర్డు ఇప్పుడు మనది కాదు, వాళ్లది" అన్నాడు. దేన్నయినా కాపాడాలంటే ముందు దాని చుట్టూ జనం ఏం చేస్తున్నారో కొన్నాళ్లు ఊరికే చూడాలని ఆ రోజు నేర్చుకున్నాను. ఊరికే చూడటానికి జీతమిచ్చే ఉద్యోగాలు తక్కువ. దొరికితే వదలకండి.

కల కోసం ఆగిన పని

ఇక అసలు సంగతి. ఘాట్ పేరు చెప్పను. చెబితే ఆదివారానికి మీరు బైకులేసుకుని వెళ్తారు.

ఆ ఘాట్ నడిమి భాగంలో కొండను మలిచి తీసిన మెట్ల వరస ఉంది. వానాకాలం మబ్బు దిగితే పై మెట్టు కనిపించదు, కింది మెట్టు కనిపించదు, మనం నిలబడ్డ మెట్టే లోకం. ఎద్దుల గిట్టలకు అరిగి ప్రతి మెట్టూ నడుమ కొంచెం గుంటపడి, అందులో నీళ్లు నిలిచి, ఆ నీళ్లలో మబ్బు ఉంటుంది. నేను చూసిన దారులన్నిటిలోకీ నాకు కలలా కనిపించేది అదే.

కొండ పైన ఒక చిన్న వాడ. అక్కడ ఆడవాళ్లకు నొప్పులు మొదలైతే దుప్పట్లో పడుకోబెట్టి, కర్రకు కట్టి, ఆ మెట్ల మీదుగానే కిందికి మోసుకొచ్చేవాళ్లు. వాళ్లకు రోడ్డు కావాలి. కావాలని నాకూ అనిపించేది. ఆ పరిస్థితిలో ఉన్నవాళ్లకు మెట్ల అందం గురించి చెప్పడానికి వేరే రకం మనిషి కావాలి.

చిక్కు ఎక్కడంటే, మంజూరైన రోడ్డు ఆ మెట్లను పగలగొట్టుకుంటూ పోతుంది. నేనూ పెన్సిల్ సాహెబూ కలిసి వెనక వాలు మీదుగా వేరే గీత గీశాం. కొంచెం చుట్టు, కానీ వాడకు చేరుతుంది. వాలు పొడవునా సున్నం పూసిన కర్ర గూటాలు కొట్టించాం. ఆ మార్పుకు పైనుంచి అనుమతి రావాలి. అది బయలుదేరిందని అందరూ అంటున్నారు, ఎక్కడుందో ఎవరూ చెప్పడం లేదు. ఇంతలో కాంట్రాక్టర్ మనుషులను దింపేశాడు. పెద్ద యంత్రం పైకి ఎక్కాలంటే ముందు మనుషులు గడ్డపారలతో దారి తీయాలి. ఆ తొలి దెబ్బ పడేది మెట్ల మీదే. మెట్లు ఒకసారి పగిలాక ఏ అనుమతీ వాటిని అతికించదు.

సంగతి తెలిసి నేను పరుగున కొండెక్కాను. పరుగు అన్నది అలంకారం. సాయంత్రానికి ఎక్కాను. పని ఇంకా మొదలుకాలేదు. ముఠా అంతా ప్లాస్టిక్ పట్టా కింద కూర్చుని రొట్టెలు కాల్చుకుంటున్నారు. మాటలు వినబడితే ఆగిపోయాను. తెలుగు. అదీ మా నల్లా దగ్గరి తెలుగు.

"ఎందుకు మొదలుపెట్టలేదు?" అని అడిగాను.

మేస్త్రి చెన్నయ్య నన్ను కింది నుంచి పై దాకా చూశాడు. "నువ్వు మనోళ్ల పిల్లవా మేడమ్? కల పడలే. ఇంకేముంది."

నేను రాయి మీద కూర్చుండిపోయాను. చదువుకున్న పుస్తకాలన్నిటిలోనూ లేనిది, అవ్వతోపాటే పోయిందనుకున్నది, ఇక్కడ రొట్టె తింటోంది.

ముఠాలో పెద్దది ఎల్లమ్మ, చెన్నయ్య మేనత్త. కలలు విని తేల్చేది ఆమే. "కొండ నిద్రల ఉంటది బిడ్డా" అంది. "నిద్రల ఉన్నోళ్లను గడ్డపారతోని పొడిచి లేపుతమా? మనిషైనా ఊకుంటడా?" కొన్నేళ్ల కిందట వేరే చోట కల పడకముందే తొందరపడి తవ్వారట. చెన్నయ్య తమ్ముడు రాళ్ల కింద పోయాడు. ఆ మాట ఆమె రొట్టె తిప్పుతూ చెప్పింది. నా ముఖం వైపు చూడలేదు.

నేను రాత్రికి కింది ఊరికి దిగి, రోజూ పొద్దున్నే ఎక్కి వచ్చేదాన్ని. వాళ్లకు ఆగిన రోజులకు కూలి లేదు. అయినా ఆగారు.

ఆగలేకపోయింది సూపర్‌వైజర్. కింద ఊళ్లో లాడ్జిలో ఉండేవాడు, రోజూ ఎక్కి వచ్చి అరిచేవాడు. "అరే చెన్నయ్యా! సోతే హో, తో సప్నా క్యూఁ నహీ ఆతా?" పడుకుంటున్నారుగా, మరి కల ఎందుకు రాదని.

"అలిసిపోయినోనికి కలెక్కడిది సాబ్? కలలు తీరికున్నోళ్లకు పడ్తయి" అన్నాడు చెన్నయ్య. హిందీలో మాత్రం, ప్రయత్నిస్తున్నామన్నట్టు, "కోషిష్ కర్ రహే, సాబ్" అని చెప్పాడు.

చివరికి సూపర్‌వైజరే పరుపు మోయించుకుని వచ్చి కొండ మీద పడుకున్నాడు. పొద్దున ఉత్సాహంగా లేచి, కల వచ్చిందన్నాడు. అందరూ చుట్టూ చేరారు. కొండ మీద వాళ్ల అత్తగారు నిలబడి తిట్టిందట.

"ఏమని తిట్టింది?" ఎల్లమ్మ అడిగించింది.

ఫ్రిజ్ ఎప్పుడు కొంటావని.

ఎల్లమ్మ చాలాసేపు ఆలోచించింది. ఆ న్యాయబుద్ధి నేను ఏ కమిటీలోనూ చూడలేదు. "ఇది కొండ గాదు సారూ, నీ ఇంటి కత. కొండకు ఫ్రిజ్ ఎందుకు, అదే సల్లగుంటది" అంది.

ఆ సాయంత్రం ఫోను అందే ఒకే ఒక్క బండ ఎక్కి పెన్సిల్ సాహెబ్‌తో మాట్లాడాను. అనుమతి దొరికిందట, కాగితం చేతికి రావాలట. "ఎలాగైనా ఆపండి" అన్నాడు. ఎలాగైనా అన్నది ఆఫీసుల్లో చాలా సౌకర్యమైన మాట. ఆ మాట అన్నవాడు రాత్రి హాయిగా పడుకుంటాడు. దిగిపోదామంటే మబ్బు కమ్మింది. ఆడవాళ్ల పక్కన నాకూ ఒక గోనె పరిచారు.

తెల్లారి లేచేసరికి పట్టా ఎక్కడ అయిపోయిందో, మబ్బు ఎక్కడ మొదలైందో తెలియలేదు. ముఠా వరసగా కూర్చుంది. ఒక్కొక్కరే తల అడ్డంగా ఊపుతున్నారు. సూపర్‌వైజర్ గడ్డపార తెచ్చి మెట్ల దగ్గర విసిరాడు. ఇవాళ మొదలుపెట్టకపోతే వేరే ముఠాను తెస్తానన్నాడు. అది బెదిరింపు కాదు, తెస్తాడు. చెన్నయ్య లేచి నిలబడ్డాడు. గడ్డపార వైపు చూశాడు.

"ఆగుర్రా" అంది ఎల్లమ్మ. నా వైపు తిరిగింది. "ఈ పిల్ల గూడ ఈడనే పండుకున్నది గద. కొండ మీద పండుకున్నోళ్ల కలే లెక్క. నీకు పడ్డదా బిడ్డా?"

ఒక్క మాట చాలు. కొండ వద్దందని చెబితే మెట్లు మిగులుతాయి. ఆఫీసులో నేను అవసరానికి చాలా అబద్ధాలు చెప్పాను. అక్కడ అబద్ధానికి కూడా ఒక ఫార్మాట్ ఉంటుంది, పైన నంబరు, కింద సంతకం. కలకు ఫార్మాట్ లేదు. పైగా చెన్నయ్య నా ఎదురుగా నిలబడి ఉన్నాడు, వాళ్ల తమ్ముడు లేడు.

నిజంగానే నాకు కల వచ్చింది. వచ్చినదాన్ని వచ్చినట్టే చెప్పాను.

మా చాల్ మెట్లు. కింద గల్లీ, పైన గదుల ముందు గ్యాలరీ ఉండాల్సిన చోట మబ్బు. చెక్క మెట్లే, కానీ నడుమ గుంటలు పడి నీళ్లు నిలిచాయి. నడిమి మెట్టు మీద అవ్వ చేట పట్టుకుని కూర్చుంది. చెరుగుతుంటే బియ్యం బదులు పొగమంచు ఎగురుతోంది. కింది నుంచి ఉప్పు బస్తాల ఎద్దులు ఎక్కి వచ్చాయి, మెడ గంటలతో, ఫోరస్ రోడ్ నుంచి మా గల్లీలోకి మలుపు తిరిగినంత మామూలుగా. అవ్వ ముందుకొచ్చి ఆగాయి. గంటలు ఆగాయి. అవ్వ తలెత్తి నన్ను చూసింది. అంతే.

"గంతేనా? జరగలేదా?" అంది ఎల్లమ్మ.

"జరగలేదు."

"ఏమన్న అన్నదా?"

అక్కడ ఇంకొక మాట కలపడం ఎంత తేలికో మీకు చెప్పలేను. "ఏమీ అనలేదు" అన్నాను.

"కోపంగ జూసిందా?"

"లేదు. ఇంటి మనిషిని చూసినట్టు చూసింది."

ఎల్లమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ముసల్ది మెట్టు మీద గూసుంటే ఏం జేస్తరు? తొక్కుకుంట పోతరా? పక్క కెళ్లి పోతరు" అంది. మళ్లీ నా వైపు చూసి, "పక్క కెళ్లి తొవ్వున్నదా?"

"వెనక వాలు మీద ఉంది. సున్నం పూసిన గూటాలు కొట్టించాం."

చెన్నయ్య కళ్లు చిన్నవి చేశాడు. "ఇది కొండ జెప్పిందా మేడమ్, నీ ఆఫీసు జెప్పిందా?"

"ఆఫీసుకు కలలు రావు చెన్నయ్యా. నిద్రే వస్తుంది."

ముందు ఎల్లమ్మ నవ్వింది. తర్వాత ముఠా నవ్వింది. చెన్నయ్య మాత్రం నవ్వకుండా వెళ్లి గడ్డపార తీసుకుని, మెట్లను దాటుకుని, వెనక వాలు వైపు నడిచాడు. అందరూ అతని వెనక మబ్బులోకి వెళ్లిపోయారు. కాసేపటికి ఇనుము మట్టిలో దిగిన చప్పుడు వినిపించింది. రాతి చప్పుడు కాదు, మట్టి చప్పుడు. దాన్ని నేను ఇప్పటికీ గుర్తుపట్టగలను.

"రేపు ఎవరైనా అడిగితే జవాబెవరిది?" అన్నాడు సూపర్‌వైజర్. నాది అన్నాను. నా సర్వీసులో అన్న ఒకే ఒక్క ధైర్యమైన మాట అది. చలిగా ఉండి, టీ ఇంకా రాక అనేశాను.

కొన్ని రోజులకు పెన్సిల్ సాహెబ్ అనుమతి కాగితం ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని, రొప్పుతూ వచ్చాడు. పని సరైన గీత మీద సాగుతుండటం చూసి నిలబడిపోయాడు. ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పాను. చెవి మీది పెన్సిల్ తీసి, ఏం రాయాలో తెలియక మళ్లీ పెట్టుకున్నాడు.

"దీన్ని రిపోర్టులో ఎలా రాస్తాం?" అన్నాడు.

"మీరే చెప్పాలి సార్."

అనుమతి కాగితం నా చేతిలో పెట్టాడు. "‘స్థల పరిస్థితుల దృష్ట్యా’ అని రాయండి. దేవుడి మాటైనా మన శాఖలో అలాగే రాయాలి."

తర్వాత ఏమైందంటే

రోడ్డు పడింది. పైవాడకు బస్సు వెళ్తుంది. ఆడవాళ్లు కూర్చుని ఆసుపత్రికి వెళ్తున్నారు. మెట్లు అలాగే ఉన్నాయి, గడ్డి మొలిచింది. వాటి మీద ఇప్పుడు తిరిగేది మేకలు, రంగురంగుల బూట్లు వేసుకున్న ఆదివారం మనుషులు. నేను మెట్లను మిగిల్చాను కానీ, వాటిని అరగదీసిన నడకను మిగల్చలేదు. ఇది మీకు ఏ ట్రైనింగులోనూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను. మీరు కాపాడిన చాలావాటిని వాటి సొంతవాళ్లు సంతోషంగా వదిలేసి వెళ్తారు. మనసు కష్టపెట్టుకోకండి. వాళ్ల మోకాళ్లు వాళ్లవి.

రిటైరయ్యే ముందు ఒకసారి వెళ్లాను. వాడలో శేవంతాబాయి అనే పెద్దావిడ టీ ఇచ్చింది. ఒకప్పుడు దుప్పట్లో ఆ మెట్లు దిగిన మనిషి. "మెట్ల మీద ఇంకా ఎవరైనా వెళ్తారా?" అన్నాను.

"దేవి పల్లకి వెళ్తుంది, ఏటా" అంది. "ఆమెకు బస్సు పడదు."

చాల్‌లో ఒక్క రాత్రి

ఇక రుతుజకు ఇవ్వాల్సిన జవాబు.

చాల్ దాదాపు ఖాళీ అయింది. అందరినీ తాత్కాలికంగా వేరే చోట ఖోలీల్లోకి, అంటే ఒంటి గదుల్లోకి పంపారు. మా పక్కింటి నర్సక్క ఒక్కతే మిగిలిన గిన్నెలు మూటగడుతోంది. కిందటి వారం ఆ పిల్లలు అర్జీ తీసుకుని ఆమె దగ్గరికి కూడా వెళ్లారట. మెట్లు ఎంత అపురూపమైనవో మరాఠీలో చక్కగా వివరించారట.

"నేనేమన్ననో తెల్సా?" అంది నర్సక్క. "‘బాళా, ఖాలూన్ పాణ్యాచీ బాదలీ వర్ ఆణ్, మగ్ సహీ కర్తే’ అన్న. కింద కెళ్లి నీళ్ల బకెట్ పైకి తే, అప్పుడు సంతకం జేస్తనని. పాపం, ఒకడు తెచ్చిండు గూడ. సగం నీళ్లు మెట్ల మీదనే."

"సంతకం చేశావా మరి?"

"సగం బకెట్‌కు సగం సంతకమా? నా మోకాళ్లకు లిఫ్ట్ గావాలె అన్సూయా. నువ్వు గొప్పదానివి, కొండలు గిండలు కాపాడినవు. నువ్వు సంతకం బెడ్తె పని ఆగుతదంట గద?" ఆమె గొంతులో తమాషా తగ్గింది. "ఆపుతవా?"

"పొద్దున చెప్తా అక్కా."

"మీ అవ్వ లెక్కనే మాట్లాడ్తవ్" అని, మూట భుజానికెత్తుకుని, అలవాటుగా గోడను రాసుకుంటూ దిగింది. నడిమి మెట్టు మీద ఎవరూ లేరు.

మా పాత ఖోలీలో చాప పరుచుకుని పడుకున్నాను. గోడలకు మేకులు, మేకులకు ఏమీ లేవు.

పొద్దున బయట మాటలు వినిపించి లేచాను. గ్యాలరీలోకి వచ్చి చూస్తే కింద కూలీలు. హెల్మెట్ పెట్టుకున్న కుర్ర మేస్త్రి పైకి చూసి, "ఆంటీ, ఖాలీ కరో. ఆజ్ తోడ్‌నా హై" అన్నాడు. ఇవాళే పడగొట్టాలట.

"ఏ ఊరు బాబూ?" అన్నాను.

నాలుక కరుచుకున్నాడు. "మనోళ్లేనా మీరు? పాలమూరు దిక్కు ఆంటీ."

"కల పడ్డదా?"

అతనికి అర్థం కాలేదు. "ఏం కల? మేం దూరంగ రూంల పండుకుంటం. జల్దీ దిగుండ్రి, మళ్ల దుమ్ము లేస్తది" అని నవ్వాడు.

అతని వెనక తట్ట పట్టుకున్న ఒక పెద్దామె నవ్వలేదు. తట్ట కింద పెట్టింది. ఎల్లమ్మ కాదు, ఎల్లమ్మకు ఏమీ కాదు, వేరే ఊరు, వేరే ముఠా. "ఆగు కొడుకా" అంది. నేను మెట్లు దిగుతుంటే, మెట్ల మొదట్లో నిలబడి తలెత్తి నన్ను అడిగింది. "ఈడ పండుకున్నది నువ్వే గద. నీకు పడ్డదా అవ్వా?"

నన్ను అవ్వా అనడం అదే మొదటిసారి. ఆ మాట సరిగ్గా నడిమి మెట్టు దగ్గర నాకు అందింది.

"పడ్డది" అన్నాను.

"ఏమన్నది?"

వచ్చినదాన్ని వచ్చినట్టే చెప్పాను. ఇవే మెట్లు. కింద మబ్బు, మబ్బులో నర్సక్క బకెట్ పట్టుకుని నిలబడి ఉంది. నడిమి మెట్టు మీద మా అవ్వ. ఎవరూ జరగమనలేదు. అవ్వే చేటలో మిగిలిన బియ్యం కొంగులో పోసుకుంది. మోకాలి మీద చెయ్యి పెట్టి, మెల్లగా లేచింది. గోడ పక్కకు జరిగి నిలబడింది.

పెద్దామె కింది మెట్టును చేత్తో తాకి ఆ చెయ్యి కళ్లకు అద్దుకుంది. తట్ట ఎత్తుకుంది. "ఇగ ఎక్కుండ్రి" అంది కుర్ర మేస్త్రితో.

నేను దిగి, గల్లీ మలుపులో టీ తాగుతుంటే రుతుజ మెసేజ్ వచ్చింది. "మేడమ్, సంతకం చేస్తున్నారా? లేకపోతే కారణం రాయగలరా?"

కుడి భుజం మీద సున్నం దులుపుకుని, రెండు వేళ్లతో జవాబు కొట్టాను. "చేయడం లేదు. పడగొట్టే ముందు మెట్లను కొలవాలంటే వెంటనే రా, పెద్దామె ఒకరున్నారు, అడిగితే కాసేపు ఆపుతారు. కారణం: స్థల పరిస్థితుల దృష్ట్యా."